మంచు కురిసే తెల్లవారుజామున ట్రిప్ అవుతున్న 11 కేవీ ఫీడరు: ఫాల్టును ఎలా పట్టుకోవాలి

మీరు అడిగిన విషయాన్ని ముందుగా నా మాటల్లో చెబుతాను. ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక సెక్షన్‌కు మీరు కొత్తగా ఇంజనీరుగా వచ్చారు. మీ సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే ఒక 11 కేవీ ఫీడరు (ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే 11,000 వోల్టుల లైను) పది రోజుల్లో ఆరుసార్లు ఎర్త్ ఫాల్టు మీద, అంటే కరెంటు నేలలోకి పోవడం వల్ల, ట్రిప్ అయింది (దానంతట అదే ఆగిపోయింది). ఆరుసార్లూ తెల్లవారుజామున నాలుగున్నరకూ ఆరున్నరకూ మధ్యే. కాసేపు ఆగి బ్రేకరు (సబ్‌స్టేషన్‌లో లైనును కలిపే, విడగొట్టే స్విచ్) వేస్తే ఒక్కోసారి నిలుస్తోంది, ఒక్కోసారి వెంటనే పడిపోతోంది. ఎండ వచ్చి మంచు విడిపోయాక మాత్రం ఏ ఇబ్బందీ లేదు. పగటిపూట మూడుసార్లు లైను మొత్తం నడిచి చూసినా ఏమీ కనిపించలేదు. దీనికి తోడు, ఒక ఊళ్లో ట్రిప్ తర్వాత కరెంటు వచ్చినా లైట్లు డిమ్‌గా వెలుగుతున్నాయని రెండుసార్లు ఫిర్యాదు వచ్చింది. ఈ రెండూ వేర్వేరు సమస్యలా, ఒకటేనా అని మీరు అడిగారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ గోదావరి డెల్టాలోనే, వశిష్ఠ పాయకు ఇటూ అటూ, లైన్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ని. మీరు చెప్పిన వేళలు చూడగానే ఇది ఇన్సులేటరు (తీగ స్తంభానికి తగలకుండా పట్టి ఉంచే పింగాణీ దిమ్మ) మీది ఫాల్టు అని నాకు నమ్మకం కలిగింది. అది పగిలిన పింగాణీ కావచ్చు, ఉప్పు పట్టిన పింగాణీ కావచ్చు, చెడిపోయిన లైట్నింగ్ అరెస్టరు (పిడుగు వోల్టేజిని నేలకు పంపే పరికరం) కావచ్చు. అయితే ఏమిటన్నది తెలిసినంత మాత్రాన ఎక్కడన్నది తెలియదు. ఇరవై నాలుగు కిలోమీటర్ల లైనులో నాలుగైదు వందల స్తంభాలుంటాయి, స్తంభానికి మూడు పింగాణీల చొప్పున లెక్క వేసుకోండి. వాటిలో ఒక్కదాన్ని, అదీ మంచు పడినప్పుడు మాత్రమే చెడ్డదయ్యేదాన్ని, మిట్ట మధ్యాహ్నం కింద నిలబడి కళ్లతో చూసి పట్టుకోవాలనుకోవడం వల్లే మీ మూడు పేట్రోలింగులూ వృథా అయ్యాయి. మీ సిబ్బంది అశ్రద్ధ చేశారని దయచేసి అనుకోకండి.

తెల్లవారుజామునే ఎందుకు పడుతోందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వెతికే పద్ధతి అంతా దాని మీదే ఆధారపడి ఉంది. సముద్రతీరంలోని అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వీచే గాలి ఉప్పును మోసుకొచ్చి పింగాణీ మీద పలుచని పొరగా వేస్తుంది. పొడిగా ఉన్నంతసేపు ఆ ఉప్పు విద్యుత్తును పెద్దగా పోనివ్వదు. ధనుర్మాసంలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో పింగాణీ వేడిని కోల్పోయి, సూర్యోదయానికి ముందు బాగా చల్లబడి, దాని మీద మంచు నీరుగా పడుతుంది. ఆ తడి ఉప్పును కరిగిస్తుంది కానీ కడిగివేయదు. అసలు ఇబ్బంది అక్కడే ఉంది. భారీ వర్షం పింగాణీని శుభ్రం చేస్తుంది. మంచు, సన్నని తుంపర మాత్రం ఉప్పునీటి పూత వేసి వదిలేస్తాయి. ఆ పూత గుండా సన్నని కరెంటు పారుతుంది, పారిన చోట వేడికి ఒక పట్టీలా ఆరిపోతుంది, ఆరిన పట్టీ మీదకు వోల్టేజి అంతా చేరి చిన్న చిన్న మెరుపులు దూకుతాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి తీగ ఉండే పై గాడి నుంచి పింగాణీని మోసే ఇనుప పిన్ను దాకా పాకిన క్షణంలో రిలే (ఫాల్టును గుర్తించి బ్రేకరును తెరిపించే పరికరం) కదులుతుంది. బ్రేకరు తెరుచుకోగానే మెరుపు ఆరిపోతుంది, దాని వేడికి కొంత తడీ ఆరిపోతుంది. అందుకే మళ్లీ వేస్తే ఒక్కోసారి నిలుస్తోంది. పింగాణీలో వెంట్రుకంత పగులు ఉంటే ఉప్పు అంతగా లేకపోయినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే తడి ఆ పగులులోకి దిగుతుంది.

ఇక పని దగ్గరకు వద్దాం. మొట్టమొదట స్తంభాల దగ్గరకు కాదు, సబ్‌స్టేషన్‌లో రిలే దగ్గరకు వెళ్లండి. మీది న్యూమరికల్ (డిజిటల్) రిలే అయితే జరిగిన ట్రిప్పులు, ఆ సమయంలో ఒక్కో ఫేజులో (లైనులోని ఆర్, వై, బి అనే మూడు తీగల్లో) ఎంత కరెంటు పోయిందీ దాని జ్ఞాపకంలో ఉంటాయి. షిఫ్ట్ ఆపరేటరు లాగ్‌బుక్‌లో ‘ఎర్త్ ఫాల్టు, ట్రిప్’ అని మాత్రమే రాసి రీసెట్ నొక్కేస్తాడు. అందులో అతని తప్పు లేదు, అంతకంటే రాయమని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. మీరు చెప్పండి. సమయం, ఏ ఫేజు, ఎన్ని ఆంపియర్లు, అప్పుడు మంచు ఉందా, గాలి ఉందా, వాన ఉందా, మళ్లీ ఎన్ని నిమిషాలకు వేశారు, నిలిచిందా లేదా అన్నవి ఒక వరుసలో రాయించండి. ఆరు ట్రిప్పుల వివరాలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. ఆరుసార్లూ ఒకే ఫేజు వస్తే ఫాల్టు ఒక్కచోటే ఉందనుకోవచ్చు. ఒకరోజు ఆర్, మరోరోజు బి, ఇంకోరోజు వై అని మారుతుంటే ఒక్క పింగాణీని వెతకడం మానేసి, లైనులో సముద్రం వైపు భాగమంతా ఉప్పు పట్టి ఉందని గ్రహించి, కడిగించే ఏర్పాటు చూసుకోవాలి.

ఆంపియర్లను చూసి దూరం లెక్కకట్టవచ్చు కదా అని మీరు రాశారు. కట్టవచ్చు, కానీ ఏ ఫాల్టుకు కట్టాలో తెలియాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. 5 ఎంవీఏ పవర్ ట్రాన్స్‌ఫార్మరు, దాని ఇంపీడెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) 7 శాతం అనుకుంటే 11 కేవీ వైపు నుంచి చూసినప్పుడు అది సుమారు 1.7 ఓమ్‌లు. వెనక ఉన్న 33 కేవీ లైనుకు ఇంకో అర ఓమ్ కలిపితే 2.2 ఓమ్‌ల రియాక్టెన్స్ (అయస్కాంతత్వం వల్ల ఏసీ కరెంటుకు కలిగే అడ్డు). ర్యాబిట్ కండక్టరుకు (ఒక రకం అల్యూమినియం తీగ) కిలోమీటరుకు సుమారు 0.55 ఓమ్‌ల రెసిస్టెన్స్, 0.35 ఓమ్‌ల రియాక్టెన్స్ వేసుకోండి. ఆర్, బి ఫేజులు రెండూ కలిసి షార్ట్ అయ్యి రిలే 830 ఆంపియర్లు చూపిందనుకుందాం. 11,000 వోల్టులను 830తో, మళ్లీ రెండుతో భాగిస్తే ఒక్కో ఫేజు దారికి సుమారు 6.6 ఓమ్‌లు వస్తుంది. ఎనిమిది కిలోమీటర్ల దగ్గర రెసిస్టెన్స్ 4.4, రియాక్టెన్స్ 2.2కు 2.8 కలిపి 5.0, ఈ రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే సరిగ్గా ఆ 6.6 చుట్టూనే వస్తుంది. అంటే ఫాల్టు సబ్‌స్టేషన్ నుంచి ఎనిమిది కిలోమీటర్ల దగ్గర ఉంది. లైనుకు కొమ్మలుంటే ఎనిమిది కిలోమీటర్ల దూరం మూడు నాలుగు చోట్ల పడుతుంది, అన్నీ చూడాలి. అయినా ఇరవై నాలుగు కిలోమీటర్లు నడవడం కంటే అది ఎంతో మేలు.

ఈ లెక్క రెండు తీగలు ఒకదానికొకటి తగిలిన ఫాల్టుకు మాత్రమే చక్కగా పనికొస్తుంది. మన డెల్టాలో అలాంటివి తక్కువేమీ కావు. చెరువు గట్ల మీది ఒండ్రు నేలలో స్తంభం ఒక పక్కకు ఒరిగి, తీగలు వేలాడి, గాలికి కొట్టుకుంటాయి. కొబ్బరి మట్ట రెండు తీగల మీద అడ్డంగా పడుతుంది. గబ్బిలం రెక్కలు విప్పి రెండింటినీ తాకుతుంది. కొట్టుకున్న తీగ మీద అల్యూమినియం కరిగి ముత్యంలా మెరుస్తూ కనిపిస్తుంది, మట్ట కొస కాలి కింద పడి ఉంటుంది. మీ సమస్య అది కాదు. పగిలిన పింగాణీ గుండా కరెంటు పిన్నుకూ, క్రాస్ ఆర్మ్‌కూ (స్తంభం మీది అడ్డ ఇనుప పట్టీ), అక్కడి నుంచి సిమెంటు స్తంభం ద్వారా నేలకూ పోవాలి. ఆ దారిలో స్తంభం, నేల కలిసి 100 ఓమ్‌లు ఉందనుకుంటే, 6,350 వోల్టులకు 63 ఆంపియర్లే పారతాయి. లైను తాలూకు ఐదారు ఓమ్‌లు ఆ వందలో కలిసిపోతాయి. ఫాల్టు రెండో కిలోమీటరులో ఉన్నా పదో కిలోమీటరులో ఉన్నా ఆంపియర్లు దాదాపు ఒకటే. మీ రిలేలో ఒకరోజు 50, మరోరోజు 80, ఇంకోరోజు 65 ఇలా కనిపిస్తే దూరాల గురించి ఆలోచించకండి. అది నేల తడిని బట్టి మారుతున్న అంకె.

మరి లైనును భాగాలు చేసి వెతకాలి. మామూలుగా అందరం చేసే పని, ట్రిప్ అయ్యాక మధ్యలోని ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడగొట్టే స్విచ్) తెరిచి, మొదటి సగానికి చార్జి (కరెంటు) ఇచ్చి, నిలిస్తే ఫాల్టు రెండో సగంలో ఉందని నిర్ణయించడం. తీగ తెగిపడినప్పుడో, డిస్క్ (తీగను లాగి పట్టే పింగాణీ) పగిలి తీగ క్రాస్ ఆర్మ్‌కు అంటుకున్నప్పుడో ఇది బాగా పనిచేస్తుంది. మీ ఫాల్టుకు ఇది పనికిరాదు, పైగా దారి తప్పిస్తుంది. మెరుపు ఆరిపోయి తాత్కాలికంగా బాగుపడిన పింగాణీ ఆ సగంలోనే ఉన్నా చార్జి నిలుస్తుంది. మీరు ఆ సగం మంచిదని రాసుకుని, రెండో సగం మీద మూడు రోజులు వృథా చేస్తారు. నేను ఒకప్పుడు సరిగ్గా ఇలాగే చేశాను. అదీగాక, ఒక్కో ట్రయల్ చార్జి మీ పవర్ ట్రాన్స్‌ఫార్మరు వైండింగు మీద ఒక దెబ్బ. గంటలో ఐదారుసార్లు బ్రేకరు వేసి చూడటం దయచేసి మానిపించండి.

దీనికి బదులు నేను చేసేదీ, మీరు చేయవలసిందీ చెబుతాను. పక్క ఫీడరుతో కలిపే ఇంటర్‌లింక్ ఏబీ స్విచ్ మీ ఫీడరు చివర ఎక్కడో ఉండి ఉంటుంది. ముందురోజు రాత్రి, లోడు తక్కువగా ఉన్నప్పుడు, మీ ఫీడరును మధ్యలో తెరిచి, చివరి సగాన్ని పక్క ఫీడరు మీదకు మార్చండి. అందరికీ కరెంటు ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. తెల్లవారుజామున మంచు పడుతుంది, ఫాల్టు వస్తుంది, అప్పుడు రెండు బ్రేకర్లలో ఏది పడిందో చూడండి. మీ ఫీడరే పడితే ఫాల్టు మొదటి సగంలో ఉంది, పక్క ఫీడరు పడితే చివరి సగంలో ఉంది. మరునాటి రాత్రి ఆ సగాన్ని మళ్లీ రెండుగా విడగొట్టండి. ఈ పద్ధతిలో పరీక్ష చేసేది మంచే. మీరు తెరిచే చోటు మాత్రమే మారుస్తున్నారు. మూడు నాలుగు మంచు రోజుల్లో మూడు కిలోమీటర్లకు లోపు చేరుకుంటారు. మంచు పడని రోజు ఏదీ ట్రిప్ కాకపోతే ఆ రోజును లెక్కలోకి తీసుకోకండి. పక్క ఫీడరు బ్రేకరు, కండక్టరు ఆ అదనపు లోడును మోయగలవో లేదో, రెండు వైపులా ఫేజుల వరుస ఒకటేనో కాదో ముందుగా సరిచూసుకోండి. ఏబీ స్విచ్ లోడు మీద తెరవడానికి చేసినది కాదు కాబట్టి, తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ బ్రేకరు ఆపి, లైన్ క్లియర్ (లైను ఆపినట్టు ఇచ్చే అనుమతి) తీసుకునే చేయాలి. రెండు నిమిషాల అంతరాయానికి ఎవరూ ఏమీ అనరు.

రాజోలు వైపు ఒక ఫీడరు మీద మేం ఇలాగే చేశాం. ఆ ఏడాది డిసెంబరులో తొమ్మిది తెల్లవారుజాముల్లో పడింది. నాలుగు రాత్రులు తెరిచే చోటు మార్చుకుంటూ పోతే, మురుగు కాలువ గట్టు వెంట ఉన్న పద్నాలుగు స్తంభాల వరకు వచ్చాం. ఐదో రోజు ఒక లైన్‌మన్, నేను నాలుగింటికే అక్కడికి చేరుకుని, టార్చిలైట్లు ఆర్పేసి, స్తంభానికి దూరంగా నిలబడుతూ ఒక్కొక్కటి వింటూ నడిచాం. పొగమంచులో 11 కేవీ లైను ఎప్పుడూ కొద్దిగా గుయ్యిమంటుంది, దానికి కంగారు పడకూడదు. తొమ్మిదో స్తంభం దగ్గర మాత్రం ఆ చప్పుడు వేరుగా ఉంది. నూనెలో తడి మిరపకాయ వేసినట్టు, ఆగి ఆగి చిటపటలాడింది. పైకి చూస్తే బి ఫేజు పింగాణీ గొడుగు కింద వంకాయరంగు వెలుగు సన్నని దారంలా కదులుతోంది. ఆ గట్టు మీది రైతు మా అలికిడికి లేచి వచ్చి, ‘ఆయ్, వారం రోజుల్నుంచీ రాత్రిళ్లు అలాగే బుస్సుమంటోందండి, మీకు తెలిసే ఉంటుందనుకున్నానండి’ అన్నాడు. ఆయన్ను ముందే అడిగి ఉంటే ఐదు రోజుల పని మొదటి రోజునే అయిపోయేది. మీ లైను కింద ఉండే రైతులను, చెరువు కాపలాదారులను, కొబ్బరి దింపు తీసేవారిని ఈ రోజే అడిగించండి. తెల్లవారుజామున మేలుకుని ఉండేది వాళ్లే.

ఆ పింగాణీని దింపి చూస్తే పైకి ఏమీ లేదు. బూడిద, కొబ్బరి పీచుతో తోమి, తడిగుడ్డతో తుడిచి, ఎండకు ఏటవాలుగా పట్టుకుంటే, పై గాడి అడుగు నుంచి గొడుగు లోపలికి ఒక వెంట్రుక గీత కనిపించింది. దాని పొడవునా గోధుమరంగు మరక. పొడిగా ఉన్నప్పుడు మెగ్గరు (ఇన్సులేషన్ ఎంత గట్టిదో ఓమ్‌లలో కొలిచే పరికరం) పెడితే ముల్లు చివరి దాకా వెళ్లింది, కొత్త పింగాణీలాగే. రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచి, పైన తుడిచి ఆరనిచ్చి మళ్లీ పెడితే రెండు మెగ్ ఓమ్‌లకు దిగింది. కొత్త పింగాణీని అదే బకెట్‌లో నానబెట్టి, అలాగే తుడిచి చూసినా దాని విలువ తగ్గలేదు. మీరూ ఇలా చేసి మీ సిబ్బందికి చూపించండి. ఒకసారి కళ్లారా చూసిన లైన్‌మన్ ఆ గీతను జన్మలో మరిచిపోడు.

లైను మీద మెగ్గరు పెట్టేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మధ్యాహ్నం పెడితే మీ లైను అంతా మంచిదనే చూపిస్తుంది. తడి ఉన్న వేళ పెట్టాలి. అప్పుడైనా 5 కేవీ మెగ్గరు 5,000 వోల్టులే ఇస్తుంది; నడిచే లైనులో ఒక్కో ఫేజుకు నేలతో ఉండే వోల్టేజి అలల కొసన సుమారు 9,000 దాకా పోతుంది. ఆ ఎత్తులో మాత్రమే దూకే మెరుపు మెగ్గరుకు దొరకదు. ఇంకొకటి, డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ల హెచ్‌టీ (11 కేవీ వైపు) వైండింగులు డెల్టా అనే త్రికోణపు పద్ధతిలో కలిపి ఉంటాయి కాబట్టి వాటి ద్వారా మూడు ఫేజులూ కలిసే ఉంటాయి. ఏ ఫేజు చెడిందో మెగ్గరుతో తెలియాలంటే ఆ భాగంలోని ట్రాన్స్‌ఫార్మర్లన్నిటినీ విడదీయాలి. అంత శ్రమ పడనక్కరలేదు, ఫేజు సంగతి రిలే ముందే చెప్పింది. మెగ్గరు తక్కువ చూపితే నమ్మండి. ఎక్కువ చూపినంత మాత్రాన లైనును నిర్దోషిగా తీర్మానించకండి.

ఇప్పుడు డిమ్ లైట్ల సంగతి. మీ రెండు ప్రశ్నలూ ఒకటే కావచ్చని నా అభిప్రాయం. డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మరుకు హెచ్‌టీ వైపు ఒక ఫేజు పోతే, ఎల్‌టీ (ఇళ్లకు కరెంటు వెళ్లే) వైపు ఒక ఫేజుకు పూర్తి వోల్టేజి ఉంటుంది, మిగిలిన రెండింటికీ దాదాపు సగమే ఉంటుంది. కనుక ఊళ్లో మూడో వంతు ఇళ్లలో లైట్లు మామూలుగా, మిగతా ఇళ్లలో డిమ్‌గా వెలుగుతాయి. ఎల్‌టీ వైపు ఫ్యూజు పోతే ఇలా జరగదు. ఆ ఫేజు ఇళ్లు పూర్తిగా చీకటి, మిగిలినవి మామూలు. న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్లలో వోల్టేజి తగ్గి, మరికొన్నింట్లో పెరిగి బల్బులు, టీవీలు కాలిపోతాయి. అందుకే 1912కు ఫోన్ వచ్చినప్పుడు ‘కరెంటు లేదు’ అని రాసుకుని ఊరుకోకుండా, ఎవరి ఇంట్లో ఉంది, ఎవరి ఇంట్లో డిమ్‌గా ఉంది, పక్కింట్లో ఎలా ఉంది అని రెండు మూడు ప్రశ్నలు ఎక్కువగా అడిగితే సగం పని అయినట్టే. మీ ఊళ్లో ఒక్క ట్రాన్స్‌ఫార్మరు కిందే డిమ్‌గా ఉంటే దాని హెచ్‌జీ ఫ్యూజు (11 కేవీ వైపు ఫ్యూజు) ఒకటి పోయి ఉంటుంది. వరుసగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లన్నిటి కిందా అలాగే ఉంటే వాటికి ముందున్న ఒక జంపరు (రెండు తీగలను కలిపే తీగ ముక్క) కాలిపోయింది. ఎర్త్ ఫాల్టు కరెంటు పోయే దారిలోనే ఆ ఫ్యూజు గానీ బలహీనమైన జంపరు గానీ ఉంటేనే అది కాలుతుంది. అంటే ఫాల్టు ఆ చోటికి అవతల ఉండే అవకాశం చాలా ఎక్కువ. రెండుసార్లూ అదే ఊరు, అదీ ట్రిప్ తర్వాతే అయితే, ఆ ట్రాన్స్‌ఫార్మరు బుషింగులనూ (తీగ లోపలికి వెళ్లే చోటి పింగాణీలు), లైట్నింగ్ అరెస్టర్లనూ, ఆ కొమ్మలోని పింగాణీలనూ అన్నిటికంటే ముందు చూడండి. చెడిన అరెస్టరు బయటికి కొత్తదానిలాగే కనిపిస్తుంది. విడదీసి మెగ్గరు పెట్టాలి, లేదా మూడూ మార్చేయాలి. పై పద్ధతిలో మొదటి రాత్రి విడగొట్టే చోటుగా కూడా ఆ కొమ్మ మొదలునే ఎంచుకోండి.

ఫాల్టు పాసేజ్ ఇండికేటర్లు పెట్టించడం మంచిదేనా అని కూడా అడిగారు. మంచిదే, ముఖ్యంగా కొమ్మలు చీలే చోట్ల. ఫాల్టు కరెంటు తన గుండా పోతే లైటు వెలిగించే పరికరం అది. వెలిగినవాటిలో చివరిదానికీ, వెలగనివాటిలో మొదటిదానికీ మధ్య వెతికితే చాలు. కానీ యాభై అరవై ఆంపియర్ల ఎర్త్ ఫాల్టును గుర్తించేలా దాని సెట్టింగు ఉండాలి. ఓవర్ కరెంటుకు మాత్రమే సెట్ చేసి పెడితే మీ తెల్లవారుజాము ఫాల్టుకు ఒక్కటి కూడా వెలగదు, సిబ్బందికి వాటి మీద నమ్మకం పోతుంది.

సబ్‌స్టేషన్ నుంచి మొదటి స్తంభం దాకా ఉన్న భూగర్భ కేబుల్‌ను కూడా ఒకసారి మెగ్గరుతో చూసి పక్కన పెట్టండి. మన దగ్గర నేలలో రెండు మూడు అడుగులకే నీరు తగిలే చోట్లు ఎన్నో. కేబుల్ చెడితే ముందు అనుమానించవలసింది జాయింటును. అయితే కేబుల్ ఫాల్టు ఎండ రాగానే మానిపోదు కాబట్టి మీ విషయంలో దాని వంతు తక్కువ. ఎప్పుడైనా అవసరమైతే, కేబుల్‌లోకి చిన్న పల్సు పంపి అది తిరిగి వచ్చే కాలాన్ని కొలిచే యంత్రం ఉంటుంది. ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్‌లో పల్సు మైక్రోసెకనుకు సుమారు 160 మీటర్లు పోతుంది; పది మైక్రోసెకన్లకు తిరిగివస్తే పోనూ రానూ 1,600, ఫాల్టు 800 మీటర్ల దగ్గర. ఆ తర్వాత థంపరుతో (కేబుల్‌లోకి హై వోల్టేజి దెబ్బలు పంపే యంత్రం) చప్పుడు చేయించి, నేల మీద విని, సరిగ్గా చోటు తేల్చుకుని తవ్వాలి.

భద్రత గురించి రెండు మాటలు చెప్పకుండా ఈ సమాధానం ముగించలేను. మీ ఫీడరు కింద రొయ్యల చెరువులున్నాయి. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకోవడం వల్ల సూర్యోదయానికి ముందే చెరువులో ఆక్సిజన్ అత్యంత తక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మీ ట్రిప్. ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆగిపోతే రైతు పంట కష్టమంతా పోవచ్చు, అందుకని అతను పరుగెత్తి జనరేటరు వేస్తాడు. చేంజోవర్ స్విచ్ (లైను, జనరేటరు రెండింటిలో ఒక్కదాన్నే కలిపే స్విచ్) సరిగా లేని చోట ఆ జనరేటరు కరెంటు ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కి పోయి, మీరు ఆపిన 11 కేవీ లైనులోకి పూర్తి వోల్టేజితో వస్తుంది. మీ బ్రేకరు తెరిచే ఉంది, లైన్ క్లియర్ చేతిలో ఉంది, అయినా స్తంభం ఎక్కిన మనిషి బతకడు. లైను ఆగినంత మాత్రాన తాకవద్దు. టెస్టరుతో చూసి, పనిచేసే చోటుకు రెండు వైపులా డిశ్చార్జి రాడ్డులు వేసి, మూడు ఫేజులనూ నేలకు కలిపాకే ఎక్కనివ్వండి. చెరువుల దగ్గరి చేంజోవర్ స్విచ్చులను ఇప్పుడే ఒకసారి తనిఖీ చేయించండి, రైతుకు అర్థమయ్యేలా చెప్పించండి.

రెండోది తెగిపడిన తీగ గురించి. సార్వాలోనో దాళ్వాలోనో నీళ్లు నిలిచిన వరిచేలో పడితే రిలే ట్రిప్ అవుతుంది. పొడి ఇసుక మీదో, సిమెంటు రోడ్డు మీదో పడితే కొద్ది ఆంపియర్లే పారి, బ్రేకరు పడకుండానే ఉండవచ్చు. తెగిన రెండు కొసల్లో లోడు వైపుది నేల మీద పడితే మరీ ప్రమాదం. మిగిలిన రెండు ఫేజుల నుంచి ట్రాన్స్‌ఫార్మర్ల డెల్టా వైండింగుల గుండా వోల్టేజి ఆ కొసకు వస్తుంది, పారే కరెంటు మాత్రం రిలే కదలనంత తక్కువ. అందుకే ఎక్కడో డిమ్ లైట్ల ఫిర్యాదు వచ్చిందంటే, అది ఫ్యూజో, జంపరో, నేల మీద పడి ఉన్న తీగో తెలిసేదాకా ఆ కొమ్మను ఆపే ఉంచండి. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమ తోటల్లో కూలిన కొబ్బరి చెట్ల కింద, నిలిచిన నీళ్ల కింద తీగలు ఎక్కడున్నాయో కనిపించలేదు; ఒక్కో భాగాన్ని నడిచి, మెగ్గరు పెట్టి, ఊళ్లో చాటింపు వేయించాకే చార్జి ఇచ్చేవాళ్లం. ఆలస్యమైందని తిట్టారు. అయినా అలాగే చేశాం.

ఫాల్టు దొరికాక ఆ ఒక్క పింగాణీనే మార్చి వచ్చేయకండి. అదే కాలంలో అదే బ్యాచిలో వేసినవి పక్క స్తంభాల మీద కూడా ఉంటాయి, వాటిని దింపి కడిగి చూడండి. సముద్రానికి దగ్గరి భాగంలో కొత్తవి వేసేటప్పుడు క్రీపేజ్ దూరం (ఇన్సులేటరు ఉపరితలం వెంట తీగ నుంచి పిన్ను దాకా పొడవు) ఎంతో చూసి తీసుకోండి: ఉప్పు బాగా పట్టే చోట్ల కిలోవోల్టుకు 31 మిల్లీమీటర్లు కావాలని లెక్క, అంటే 12 కేవీకి (11 కేవీ లైను గరిష్ఠ వోల్టేజి) 372 మిల్లీమీటర్లు. సిలికాన్ రబ్బరు పాలిమర్ ఇన్సులేటర్ల మీద నీరు పూతలా పరుచుకోకుండా తామరాకు మీది బొట్లలా నిలుస్తుంది కాబట్టి మంచు వేళ అవి బాగా తట్టుకుంటాయని నా అనుభవం. కొనుగోలుకు సమయం పడితే, వచ్చే ఏడు మొదటి మంచు రాకముందే, నవంబరులో ఒకసారి లైను ఆపి, ఆ భాగంలోని పింగాణీలను మంచినీళ్లతో తుడిపించండి.

ఈ రోజు రాత్రికి మీరు చేయవలసింది, డిమ్ లైట్లు వచ్చిన ఊరి కొమ్మను పక్క ఫీడరుకు మార్చడానికి వీలుందో లేదో చూసుకోవడం. వీలుంటే పది గంటల తర్వాత మార్చండి. రేపు తెల్లవారుజామున నాలుగున్నరకు సబ్‌స్టేషన్‌లో మీరే ఉండి, ఏ బ్రేకరు పడిందో, ఏ ఫేజో, ఎన్ని ఆంపియర్లో రాసుకుని, ఆ వివరాలు ఇక్కడ పెట్టండి. ఫీడరు గీత కూడా చేత్తో వేసి, ఏబీ స్విచ్చులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించి జతచేస్తే, రెండో రాత్రి ఎక్కడ తెరవాలో కలిసి ఆలోచిద్దాం.